ఊట కాలువ

నరసాపురానికి దిగువన, సముద్రం పోటెత్తినప్పుడల్లా మురుగు కాలువల్లోకి ఉప్పునీరు ఎదురెక్కే పల్లె ఒకటుంది. అక్కడ ఏసోబుకి మూడెకరాల చేను. సార్వా, దాళ్వా రెండు పంటలూ పండే చేనే. చుట్టుపక్కల చేలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులైపోతుంటే, వరి మీద మిగిలేదేముందని అతనూ పొక్లెయిన్ పిలిపించాడు.

చెరువు తవ్వేవాడికి అందరూ చెప్పే మాట ఒకటుంది. గట్టుకీ పక్కవాడి వరి చేనుకీ మధ్య ఊట కాలువ తియ్యాలి. చెరువులోంచి ఊరిన ఉప్పునీరు అందులో పడి మురుగు కాలువకి పోవాలి, పక్క చేలోకి దిగకూడదు. ఏసోబు లెక్క వేసుకున్నాడు. ఊట కాలువకి పోయేది పదిహేను సెంట్లు. "ఈ పంట అయ్యాక తవ్వుదాంలే" అన్నాడు డ్రైవరుతో. "మీ ఇష్టమండీ" అన్నాడు డ్రైవరు.

మొదటి పట్టుబడి బాగా వచ్చింది. అప్పు తీరింది, కూతురి నర్సింగు ఫీజు కట్టాడు. దశమభాగం లెక్క తప్పకుండా తీసి మందిరానికిచ్చాడు. ఆ డబ్బుతో కొత్త మైకు సెట్టు కొన్నారు. మరుసటి ఏడాది ఏసోబుని సంఘపెద్దని చేశారు.

రెండో పంటకి నలభై రోజుల పిల్ల మీద తెల్లమచ్చ పడింది. అలాంటప్పుడు నీళ్లలో బ్లీచింగు కలిపి, కొన్నాళ్లు కదలకుండా ఉంచి, ఆ తర్వాతే మురుగు కాలువకి తోడాలి. కాలువ రోడ్డుకి అవతల ఉంది. రెండు రాత్రులు ఇంజను ఆడితే గానీ చెరువు ఖాళీ అవదు, డీజిలు కొనడానికి చేతిలో రూపాయి లేదు. ఆ అర్ధరాత్రి పార పట్టుకుని పంట బోదె వైపు గట్టు తెగ్గొట్టాడు. ఒక్క రాత్రే కదా అనుకున్నాడు. తెల్లారేసరికి గట్టు పూడ్చి, పైన రెండు తాటాకులు పరిచాడు. మరో పంటకి మళ్లీ అవసరం పడింది. నాలుగోసారికి తను వెళ్లనే లేదు, పాలేరుని పంపించి నిద్రపోయాడు. నిద్ర బాగానే పట్టింది.

బోదె కింద రెండెకరాలు సత్తిబాబు కౌలుకి చేస్తున్నాడు. భూమి భీమవరంలో ఉండే ఒక పెద్దమనిషిది. ఆ దాళ్వాలో ఊడ్చిన వారానికే ఆకుల కొసలు ఎర్రబడి చుట్టుకుపోయాయి. గట్టు వారంట తెల్లటి పొర పేరింది. సత్తిబాబు ఆ మట్టి చిటికెడు నాలిక మీద వేసుకుని నేరుగా ఏసోబు ఇంటికొచ్చాడు.

"అన్నా, చేలో ఉప్పు పేరుతోంది. నీ చెరువు నీళ్లు గానీ..."

"ఊరంతా అంతేరా సత్తిబాబూ. సముద్రం పైకొస్తోంది. మన చేతుల్లో ఏముంది?" అన్నాడు ఏసోబు. కుర్రాడి మొహం చూసి లోపలికెళ్లి అయిదు వేలు తెచ్చి చేతిలో పెట్టాడు. "వడ్డీ గిడ్డీ వద్దు. వీలున్నప్పుడు ఇద్దువుగాని." సత్తిబాబు కళ్లకద్దుకుని పుచ్చుకున్నాడు.

ఆ దాళ్వా పోయింది. తర్వాతి సార్వా కూడా పోయింది. పండినా పండకపోయినా భీమవరానికి కౌలు కట్టాల్సిందే. పాడిగేదెని అమ్మి అది కట్టేసి, ముసలితల్లిని అక్కడే వదిలి, పెళ్లాం బిడ్డలతో హైదరాబాదు రైలెక్కాడు. మియాపూర్ దగ్గర ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పని దొరికింది. రెండెకరాలూ బీడు పడ్డాయి.

మరో రెండేళ్లకి ఏసోబు ఇంట్లో పప్పు ఉడకడం మానేసింది. "ఏమండీ, గంట సేపు పొయ్యి మీద ఉన్నా బద్ద బద్దగానే ఉంటోంది" అంది భార్య. టీ విరిగిపోతోంది. తాతల నాటి నుంచి ఊరందరూ తోడుకెళ్లిన పెరటి నుయ్యి అది. దాంట్లో ఉప్పు దిగింది. టిన్ను నీళ్లు కొనడం మొదలుపెట్టారు. ఏసోబు ఎవరితోనూ ఏమీ అనలేదు.

బల్ల ఆదివారం వచ్చింది. రొట్టె, ద్రాక్షారసం వరస వారీగా అందించడం సంఘపెద్దల పని. స్త్రీల వైపు చివర చాప మీద సత్తిబాబు తల్లి కూర్చుని ఉంది. పాత్ర అందుకునే ముందు ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది. "దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి బాబూ. మావాడు దిక్కు తోచకుండా ఉన్నప్పుడు అయిదు వేలిచ్చి ఆదుకున్నారు" అంది. ఏసోబు పాత్రని పక్కనున్న పెద్ద చేతిలో పెట్టి బయటికి నడిచాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

సాయంత్రం పాస్టరు అయ్యగారి దగ్గర అంతా కక్కేశాడు. అయ్యగారు పెద్దగా మాట్లాడలేదు. అతని నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. ప్రభువు క్షమించాడు, ఆ మాట నమ్ము అన్నాడు. ఏసోబు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇంటికెళ్లి, చాలా కాలానికి, భార్యకి నిజం చెప్పి పడుకున్నాడు.

పొద్దున్నే నూతిలో చేద వేసి తోడి, నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. మళ్లీ అయ్యగారి దగ్గరికెళ్లాడు.

"ప్రభువు క్షమించాడన్నారు కదండీ?"

"క్షమించాడు."

"మరి నీళ్లు?"

"ఉప్పుకి ప్రార్థన తెలీదు ఏసోబూ. ముందు ఆ ఊట కాలువ తవ్వు."

తవ్వాడు. భీమవరం వెళ్లి భూమి గలాయనకి సంగతి చెప్పి, నష్టం లెక్క కట్టించుకుని, రెండు విడతల్లో సొమ్ము చెల్లించాడు. ఆయన కాఫీ ఇప్పించాడు, రసీదు రాయించాడు. "ఎలాగూ వరికి పనికిరాదు కదా, ఆ రెండెకరాలు కూడా చెరువుకి తీసుకోకూడదూ, లీజు చూసి చెప్తాను" అన్నాడు. ఏసోబు తేలికపడి తిరిగొచ్చాడు. ఆ తేలిక వారం రోజులుంది. అప్పుడు అయ్యగారు అడిగాడు, "సత్తిబాబు ఏమన్నాడు?"

సత్తిబాబు దగ్గరికి వెళ్లాలన్న ఆలోచనే అతనికి రాలేదు. భూమి ఎవరిదో వాళ్లకి ఇచ్చేశాడు, కాగితం కూడా ఉంది.

హైదరాబాదులో, సెల్లారులో, కార్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని సత్తిబాబు అంతా విన్నాడు. మధ్యలో లేచి ఎవరికో గేటు తీసి వచ్చాడు. చివరికి ఇంతే అన్నాడు: "ఆ అయిదు వేలు నేను తీర్చేశాను కదన్నా. నెలకి అయిదొందలు చొప్పున మా అమ్మ చేత పంపాను. మీరు వడ్డీ కూడా వద్దన్నారని, ఎంత మంచోళ్లోనని, మా ఆవిడతో ఎన్నిసార్లు చెప్పానో." ఏసోబు తెచ్చిన కవరు కుర్చీ మీదే ఉండిపోయింది.

చాలా నెలల తర్వాత ఫోను చేశాడు. "అన్నా, మనసులోంచి తీసేశాను. ఊరికే అనడం లేదు, నిజంగానే. కానీ ఊరికి మాత్రం రాను. పిల్లలు ఇక్కడ బడిలో కుదురుకున్నారు."

ఏసోబు చెరువు ఎండగట్టి, ఆ రెండెకరాలు తనే కౌలుకి తీసుకున్నాడు. కాలవ నీళ్లు వచ్చినప్పుడల్లా నిండా పెట్టి, ఉప్పు కరిగాక మురుగులోకి వదిలాడు. మళ్లీ పెట్టాడు, మళ్లీ వదిలాడు. జీలుగ చల్లి, పూతకొచ్చాక కలియదున్నాడు. మొదటేడు ఏమీ రాలేదు. మూడో ఏడు ఎకరానికి పదిహేడు బస్తాలు వచ్చాయి. సత్తిబాబు చేసే రోజుల్లో ముప్పై దాటేవి. ఖర్చులు పోను మిగిలిన డబ్బు మియాపూర్ వెళ్తుంది. గట్టు వార మూడు గజాల మేర ఇప్పటికీ ఏదీ నిలవదు.

నీతి

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదని మనకో సామెత ఉంది. తప్పు చేసినవాడు అనుభవిస్తాడని అర్థం. ఈ కథలో మాత్రం ఉప్పు తిన్నది ఒకడు, దాహం పట్టింది ఇంకొకడికి. ఏసోబుకి నుయ్యి పోయింది, నిజమే. కానీ అతనికంటే రెండేళ్ల ముందే సత్తిబాబుకి గేదె పోయింది, ఊరు పోయింది. పాపం గురించి క్రైస్తవం చెప్పేదాంట్లో చాలామంది దాటిపోయే సంగతి ఇదే. పాపానికి ఫలితం చేసినవాడి ఇంటి చిరునామా వెతుక్కుంటూ రాదు. పల్లం ఎటుంటే అటు పోతుంది.

ఆదికాండం మూడో అధ్యాయాన్ని పండు తిన్న కథగానే గుర్తుపెట్టుకుంటాం. తిన్న తర్వాత జరిగింది చూడండి. ఆదాము చెట్ల చాటున దాక్కున్నాడు. దొరికాక స్త్రీ మీదికి నెట్టాడు, అలాంటి స్త్రీనిచ్చిన దేవుణ్ణి కూడా ఒక పోటు పొడిచాడు. స్త్రీ సర్పం మీదికి నెట్టింది. దెబ్బ చివరికి నేలకి తగిలింది, సర్పంతో పాటు అదీ శపితమైంది. తర్వాతి అధ్యాయంలో కయీను తమ్ముణ్ణి చంపితే మొరపెట్టింది నేలలో ఇంకిన రక్తం. ఆ పైన ఎంత దున్నినా ఆ నేల అతనికి ఫలించదు. దేవుడితో, తోటివాడితో, మట్టితో ఉన్న మూడు సంబంధాలూ ఒకే చోట తెగుతాయి. అందుకే పాపాన్ని ఆజ్ఞల పట్టికలో ఒక గీత దాటడంగా మాత్రమే చెప్పే ప్రసంగాలు నాకు ఎప్పుడూ సగం ప్రసంగాలుగానే వినిపిస్తాయి.

ఇక క్షమాపణ. ఏసోబు పొద్దున్నే నుయ్యి తోడి చూడటాన్ని చూసి నవ్వొచ్చినా, ఆ పని మనలో చాలామంది చేసేదే. రెండో సమూయేలు 11, 12 అధ్యాయాల్లో దావీదు కథ ఉంది. ఊరియా భార్య బత్షెబను తెప్పించుకుని, అది కప్పిపుచ్చడానికి ఊరియాను యుద్ధంలో ముందు వరసలో నిలబెట్టి చంపించాడు. నాతాను ప్రవక్త వచ్చి ఒక పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పాడు. కథలోని ధనికుడి మీద దావీదు మండిపడ్డాడు. ఆ మనిషివి నువ్వేనని తేలాక, తప్పు చేశానని ఒప్పుకున్నాడు. క్షమాపణ వెంటనే వచ్చింది, అదే సంభాషణలో. అదే సంభాషణలోనే కత్తి నీ ఇంటిని విడవదన్న మాట కూడా వచ్చింది. కొడుకు అమ్నోను చెల్లెలు తామారును చెరిచాడు, అబ్షాలోము అమ్నోనును చంపించాడు, తర్వాత తండ్రి మీదే తిరగబడ్డాడు. దావీదు ఏ ఒక్కరికీ గట్టిగా బుద్ధి చెప్పలేకపోయాడు. చెప్పడానికి నోరెలా వస్తుంది? ఫలితం ఇలా కూడా పనిచేస్తుంది, పైనుంచి పిడుగు పడనక్కర్లేదు. ఆ కథలో బత్షెబకి పుట్టిన పసివాడి మరణాన్ని మాత్రం సమర్థించే ఓపిక నాకు లేదు. దాన్ని తేలిగ్గా వివరించేవాళ్లని చూస్తే భయం వేస్తుంది.

దోషం పోవడం వేరు, దోషం చేసిన గాయం మానడం వేరు. సంఘాలు ఇక్కడ దారులు చీలాయి. పాపసంకీర్తనంలో, అంటే గురువు ముందు పాపాలు ఒప్పుకున్నప్పుడు, దోషం తొలగినా కాలపరిమితి గల శిక్ష ఒకటి మిగులుతుందని, దాన్ని తపస్సుతో, సత్కార్యాలతో, మరణం తర్వాత ఉత్తరించే స్థలంలో తీర్చుకోవాలని కతోలిక సంఘం బోధిస్తుంది. ఆ శిక్షను తగ్గించే పత్రాలకి ధర కట్టడం చూసి 1517లో లూథర్ 95 వాదాలు రాశాడు. క్రీస్తు తీర్చేశాక మనిషి తీర్చేది ఇంకేమీ లేదని ప్రొటెస్టెంట్లు అంటారు. ఇంత గొడవలోనూ ఒక్క విషయంలో తేడా లేదు. దొంగిలించింది తిరిగి ఇవ్వాలి, ఇద్దరూ అంతే అంటారు.

సిలువ అన్నీ భరించిందన్నాక ఇంకా ఈ ఉప్పేమిటని అడగొచ్చు. అడగాల్సిందే. క్రైస్తవ విశ్వాసం ప్రకారం సిలువ తీసేసేది దేవుడికీ మనిషికీ మధ్య తెగిన దాన్ని, దాని చివర ఉన్న శాశ్వత మరణాన్ని. సిలువ చూపించేది ఇంకొకటుంది. క్షమించడానికి ఖర్చవుతుంది, ఆ ఖర్చు క్షమించేవాడే పెట్టుకుంటాడు. సత్తిబాబు మనసులోంచి తీసేశాను అన్నప్పుడు రెండు పంటలు, గేదె, మోసపోయిన తన కృతజ్ఞత అన్నీ తన ఖాతాలోనే రాసుకున్నాడు. కృపని చవగ్గా పంచే సంఘాన్ని జర్మన్ వేదాంతి డీట్రిక్ బోన్‌హోఫర్ 1937లో వచ్చిన తన పుస్తకంలో తిట్టింది ఇందుకే. ఖరీదు ఒకరు కట్టారు కాబట్టి మనకి ఉచితంగా వచ్చింది, అంతేగానీ దానికి ఖరీదు లేదని కాదు. ఆయన్ని నాజీలు 1945 ఏప్రిల్లో ఉరితీశారు.

ఆ బీడు భూమిని ఇంకెవరైనా కౌలుకి తీసుకుని ఉంటే? వాళ్లకి ఏసోబు నేరం అంటదు, ఉప్పు మాత్రం అంటుతుంది. ఆదాము పాపం మనకెలా సంక్రమించిందన్న పాత వాదం ఇక్కడే ఉంది. మనిషి తన ప్రయత్నంతోనే మంచిగా బతకగలడన్న పెలాగియస్ మాటని 418లో కార్తేజ్ సభ తోసిపుచ్చింది. దాని వెనకున్న అగస్టీను, పుట్టిన ప్రతి బిడ్డా ఆదాము దోషంలోనే భాగస్థుడన్నాడు. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు అంత దూరం వెళ్లలేదు. మనకి సంక్రమించింది మరణం, పాడైన స్వభావం, నేరం మాత్రం ఆదాముదే అంటాయి. గోదావరి డెల్టాలో ఉప్పుచేను చూసినవాడికి తూర్పువాళ్ల మాట తొందరగా అర్థమవుతుందని నా ఉద్దేశం. అయితే పసివాడు కూడా అమాయకుడు కాడన్న అగస్టీను మాటలో నిజమేమీ లేదని అనలేను. ఏసోబు నాలుగోసారి ఎంత హాయిగా నిద్రపోయాడో గుర్తు చేసుకుంటే.

ఇంకో జాగ్రత్త. పాపం నుంచి ఫలితానికి ముందుకి లెక్క వేయొచ్చు గానీ, కష్టం కనబడగానే దాని వెనక ఏ పాపముందోనని వెనక్కి లెక్క వేయకూడదు. ఎవరింట్లోనైనా కేన్సరు అంటే చాలు, ఏం చేశారో అని గుసగుసలాడేవాళ్లు మందిరాల్లోనూ ఉన్నారు. లూకా 13లో సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి వస్తుంది. వాళ్లు మిగతా యెరూషలేము వాళ్లకంటే పాపులనుకుంటున్నారా అని యేసు అడిగి, కాదని తనే చెప్పాడు. యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూసి, పాపం ఇతనిదా తల్లిదండ్రులదా అని శిష్యులడిగితే, ఇద్దరిదీ కాదన్నాడు. సత్తిబాబు చేనుకి ఉప్పు పట్టింది అతను పాపం చేసినందుకు కాదు. అతని చేను పల్లంలో ఉన్నందుకు.

ఏసోబు చేసిన అసలైన పొరపాటు నా దృష్టిలో భీమవరం ప్రయాణం. ఒప్పుకోలుకి కూడా చిరునామా ఉంటుంది. అతను మొదట దేవుడికి చెప్పాడు, తర్వాత పట్టాదారుకి చెప్పాడు. పంట పోగొట్టుకున్నవాడు మూడో స్థానంలో, అదీ అయ్యగారు గుర్తుచేస్తే, వచ్చాడు. పెద్ద పెద్ద సంఘాలకీ ఇది కొత్తేమీ కాదు. 1945 అక్టోబరులో జర్మన్ ప్రొటెస్టెంట్ సంఘ నాయకులు స్టుట్‌గార్ట్‌లో విదేశీ సంఘాల ప్రతినిధుల ముందు నాజీ కాలంలోని తమ దోషాన్ని ఒప్పుకుంటూ ప్రకటన చేశారు. ఇంకా ధైర్యంగా సాక్ష్యమివ్వాల్సింది, ఇంకా గాఢంగా ప్రేమించాల్సింది అన్నారు. ఆ పరిస్థితుల్లో ఆ మాత్రమైనా తేలికైన పని కాదు, సొంత ప్రజలే వాళ్లని తిట్టారు. కానీ ఆ ప్రకటనలో యూదులన్న మాట ఎక్కడా లేదు. దావీదుదని చెప్పే 51వ కీర్తనలో కూడా పాపమంతా దేవుడొక్కడి పట్లే చేసినట్టుంటుంది. ఊరియా సంగతేమిటని అడిగినవాళ్లకి వ్యాఖ్యాతలు రకరకాల జవాబులిస్తారు. ప్రతి పాపం చివరికి దేవుడికే తగులుతుందని ఆ కీర్తన ఉద్దేశం కావొచ్చు. అయినా ఊరియా పేరు లేకపోవడం నాకు ముల్లులా గుచ్చుకుంటుంది.

ధర్మశాస్త్రం ఈ విషయంలో కీర్తనకంటే మొరటుగా, స్పష్టంగా ఉంటుంది. లేవీయకాండం ఆరో అధ్యాయంలో, పొరుగువాణ్ణి మోసగించినవాడు ముందు అసలు సొమ్ము, దాని మీద అయిదో వంతు కలిపి సొంతదారుకి ఇవ్వాలి, ఆ రోజే యాజకుడి దగ్గరికి బలి తేవాలి. బలిపీఠం దగ్గర సోదరుడికి తన మీద ఏదో ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని యేసు చెప్పింది ఆ దారిలోనే. సుంకరి అయిన జక్కయ్య మేడిచెట్టు దిగి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. దొంగిలించిన గొర్రెని అమ్మేసిన, కోసేసిన దొంగకి నిర్గమకాండం వేసిన లెక్క అదే. తను దొంగనన్న సంగతి జక్కయ్య ఆ లెక్కలోనే ఒప్పేసుకున్నాడు.

సత్తిబాబు దొరక్కపోయి ఉంటే ఏసోబు ఏం చేసేవాడు? చనిపోయి ఉంటే? సంఖ్యాకాండం అయిదో అధ్యాయం ఆ సందర్భాన్ని కూడా వదల్లేదు. నష్టపోయినవాడు లేకపోతే అతని దగ్గరి బంధువుకి ఇవ్వాలి. తీసుకోవడానికి బంధువు కూడా లేకపోతే ఆ సొమ్ము యెహోవాది, యాజకుడికి చేరాలి. ఏ పరిస్థితిలోనూ అది ఇవ్వాల్సినవాడి జేబులోనే ఉండిపోవడానికి ఆ చట్టంలో సందు లేదు.